ఎస్ప్రెసో మెషిన్ కొనబోతున్న మా అమ్మాయికి

పద్మారావు నగర్,
హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన రెండు మెషిన్ల ఫోటోలూ, వాటి వివరాల పట్టికలూ చూశాను. ధరలో రెండూ స్కూటరును మించినవే కాబట్టి, "ఏది తీసుకోమంటావు పెదనాన్నా" అని నువ్వడిగినదానికి ఫోన్లో తేల్చేయకుండా ఉత్తరం రాయడమే మేలనిపించింది. ఉద్యోగమంతా బాయిలర్ల మధ్యే గడిపి, రిటైరయ్యాక వంటింట్లో అదే పనిని చిన్న ఎత్తున సాగిస్తున్నవాణ్ణి కనుక, బయటి స్టీలు మెరుపును పక్కనపెట్టి లోపల ఏమున్నదో చూసే అలవాటు నాకింకా పోలేదు.

మన ఫిల్టరులో డికాక్షన్ తన బరువుకు తానే బొట్టుబొట్టుగా దిగుతుంది. నీళ్ళు నాలుగు డిగ్రీలు అటూఇటూ అయినా పాలూ పంచదారా సర్దుకుపోతాయి. ఎస్ప్రెసోకు ఆ వెసులుబాటు లేదు. సుమారు 18 గ్రాముల పొడిలోంచి 9 బార్ల ఒత్తిడితో నీళ్ళు దూరి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీగా కప్పులోకి రావాలి. ఆ నీళ్ళ వేడి 92 నుంచి 96 డిగ్రీల మధ్య నిలవాలి. వేడి తగ్గితే పులుపు తేలుతుంది, పెరిగితే చేదు తిరుగుతుంది. ఆవిరి బలంతో కాఫీ దించే పాత యంత్రాలను పక్కకు నెట్టి, 1948 ప్రాంతంలో ఇటలీలో అకిల్లే గాజియా స్ప్రింగు లీవరుతో ఒత్తిడి సంగతి తేల్చేశాడు. కప్పు మీద ఆ బంగారు రంగు నురగ కనబడటం అప్పటి నుంచే. తర్వాత ఇంజనీర్లు పడిన పాట్లు చాలావరకు వేడి చుట్టూ తిరిగినవే. కాబట్టి నువ్వు అదనంగా పెట్టే ప్రతి పదివేలకూ, వేడిని నిలకడగా ఉంచడానికి ఇది ఏం చేస్తోందని అమ్మేవాణ్ణి అడుగు.

నీ మొదటి ఫోటోలో ముందుకు పొడుచుకొచ్చి బొద్దుగా మెరుస్తున్న భాగం ఇ61 గ్రూపు. గ్రూపంటే పొడి గిన్నెను తగిలించే, వేడినీళ్ళు పొడి మీదికి దిగే తలకాయ. ఫేమా కంపెనీ 1961లో తెచ్చినది. గ్రహణమనే అర్థమున్న ఇటాలియన్ మాటలోని మొదటి అక్షరాన్నీ, సూర్యగ్రహణం వచ్చిన ఆ సంవత్సరపు చివరి అంకెలనూ కలిపి పేరు పెట్టారు. సుమారు 4 కిలోల ఇత్తడి అది. బాయిలరులోని వేడినీళ్ళు పై గొట్టం గుండా అందులోకి వచ్చి, కాస్త చల్లబడి బరువెక్కి, కింది గొట్టం గుండా తిరిగి బాయిలరులోకి వెళ్ళిపోతుంటాయి. మన డాబాల మీద సోలార్ గీజర్లు పంపు లేకుండా నీళ్ళు తిప్పుకునే సూత్రమే ఇదీను. అంత ఇత్తడి ఒకసారి కాగిందంటే అర నిమిషంలో ఓ పట్టాన చల్లారదు. చిక్కల్లా అది కాగడానికే అరగంటకు పైగా పడుతుంది. పొద్దున్నే ఆఫీసు క్యాబ్ కోసం పరుగెత్తే ఇంట్లో అది చిన్న సంగతి కాదు. టైమరు ప్లగ్గు పెట్టుకుని నువ్వు లేవకముందే ఆన్ అయ్యేలా చూసుకోవాల్సి వస్తుంది. రెండో ఫోటోలోని మెషిన్‌కు గ్రూపులోనే విడిగా హీటరు ఉంది కనుక అది అంతకన్నా చాలా త్వరగా సిద్ధమవుతుంది. ఈ ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవాటిలో ఇదొకటి.

ఇక బాయిలర్ల సంగతి. మొదటి మెషిన్‌లో ఉన్నది ఒకటే బాయిలరు, అందులో 1.2 బార్ల ఒత్తిడి దగ్గర, అంటే సుమారు 123 డిగ్రీల దగ్గర, పాలకు కావలసిన ఆవిరి ఉంటుంది, కాఫీ నీళ్ళు అందులోంచి వెళ్ళే సన్నని గొట్టంలో వేడెక్కుతాయి. దీన్ని హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. వెల తక్కువ, తెలివైన ఏర్పాటు; కానీ మెషిన్ ఊరికే ఉన్నంతసేపూ ఆ గొట్టంలోని నీళ్ళు అతిగా కాగిపోతాయి. అందుకని కాఫీ పెట్టేముందు కొన్ని నీళ్ళు వదలాలి. మొదట ఆ నీళ్ళు బుసలు కొడుతూ, ఆవిరి కక్కుతూ చిమ్ముతాయి. క్రమంగా నెమ్మదించి నూనెధారలా దిగుతాయి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్ళు మరిగేది 98 డిగ్రీల చుట్టుపక్కల. ఆ బుస ఆగిన క్షణాన నీళ్ళు ఆ వేడికి వచ్చాయన్నమాట, అక్కడి నుంచి ఇంకో రెండు మూడు సెకన్లు వదిలితే సరిపోతుంది. నాకు ఈ చెవిపని ఇష్టమే. నీకు, ఒక చేత్తో ల్యాప్‌టాప్ బ్యాగు పట్టుకుని ఉండే మనిషికి, ఇష్టముండదు.

నీ రెండో మెషిన్‌లోలాగా కాఫీకొకటి, ఆవిరికొకటి విడివిడి బాయిలర్లుంటే ఈ గొడవే లేదు. ఫ్లోరెన్సుకు చెందిన లా మార్జొక్కో 1970లో హోటళ్ళ కోసం ఆ పద్ధతి తెచ్చింది. ఇళ్ళలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీకు ఎస్ప్రెసో, అల్లుడికి పాల కాఫీ కావాలి కనుక ఒకే సమయంలో రెండు పనులూ జరగాలంటే జంట బాయిలర్లకు పెట్టే డబ్బు వృథా కాదు. వాటికి తోడు పీఐడీ కంట్రోలరు తప్పక ఉండాలి. పాత థర్మోస్టాట్ ఇస్త్రీపెట్టెలో ఉన్నదాని వంటిది. చల్లబడితే వేస్తుంది, వేడెక్కితే ఆపుతుంది, ఈ లోపల పది డిగ్రీలు ఊగినా దానికి పట్టదు. పీఐడీ ఎంత తేడా ఉన్నదో, ఆ తేడా ఎంత వేగంగా మారుతున్నదో చూసుకుంటూ కరెంటును చిన్నచిన్న మోతాదుల్లో ఇస్తుంది. మా ప్లాంటులో కొలిమిలకు వాడినది అదే. అయితే డిస్‌ప్లే మీద 93 అని కనబడగానే పొడి దగ్గర 93 ఉన్నదనుకోకు. సెన్సరు ఉండేది బాయిలరులో, పొడి ఉండేది గ్రూపు కింద. మెషిన్ బాగా కాగకముందు ఆ అంకె పచ్చి అబద్ధం.

పంపు గురించి రెండు మాటలు చాలు. వైబ్రేషన్ పంపు చౌక, చప్పుడెక్కువ, పోతే ఇంట్లోనే మార్చుకోవచ్చు. రోటరీ పంపు నిశ్శబ్దంగా ఉంటుంది, నల్లా గొట్టానికి నేరుగా కలుపుకోవచ్చు. కానీ దానివల్ల కాఫీ రుచి మారుతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకు. నీటి ధారను చేత్తో తగ్గించే ఫ్లో కంట్రోల్ తేలికగా వేయించిన గింజలకు పనికొస్తుంది. మన నాలుకకు అలవాటైన ముదురు వేపుడుకు దాని అవసరం తక్కువ. ఫోన్ యాప్ సంగతి నన్నడగకు.

నీ అన్నయ్య అమెరికా నుంచి చవగ్గా తెస్తానన్నాడట. వద్దని చెప్పు. అక్కడి మెషిన్‌కు కావలసింది సుమారు 120 వోల్టులు. మన 230ను దించడానికి పదిహేను కిలోల ట్రాన్స్‌ఫార్మరు వంటింట్లో పెట్టుకున్నా, అది వోల్టేజీని మారుస్తుందే కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. సెకనుకు 60 సార్లు కొట్టుకోవలసిన వైబ్రేషన్ పంపు ఇక్కడ 50 సార్లే కొట్టుకుని నీరసంగా తోస్తుంది. ఇక్కడే కొని, గీజరుకు వాడే పవర్ ప్లగ్గు వేయించుకో.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసింది నీళ్ళ గురించి. నేను మొదటి మెషిన్ కొన్న ఏడాది నిర్లక్ష్యంగా బోరు నీళ్ళు పోశాను. ఎనిమిదో నెలలో కాఫీ ధార సన్నబడింది. విప్పి చూస్తే హీటరు కడ్డీ చుట్టూ కోడిగుడ్డు పెంకంత మందాన తెల్లటి సున్నం, గోటితో గీకినా రాలనంత గట్టిగా పట్టి ఉంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో కరిగించబోతే, ఊడిన పెచ్చులు పోయి గ్రూపుకు నీళ్ళు వెళ్ళే సన్నని రంధ్రాన్ని మూసేశాయి; గుండుసూదితో ఒక్కొక్కటే తీయడానికి ఒక ఆదివారం పట్టింది. బుద్ధి తెచ్చుకుని ఆర్వో మెషిన్‌ను బాగా బిగించి, ఖనిజాలు దాదాపు లేని నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆవిరి బాయిలరులో నీటిమట్టాన్ని కనిపెట్టే కడ్డీ నీళ్ళ గుండా పారే సన్నని కరెంటు మీద ఆధారపడుతుంది. ఖనిజాలు లేకపోతే కరెంటు పారదు, నీళ్ళు లేవనుకుని పంపు నింపుతూనే పోతుంది. ఆ రోజు ఆవిరి గొట్టంలోంచి పాలలోకి వేడినీళ్ళు చిమ్మాయి. ఇప్పుడు ఆర్వో నీళ్ళలో నల్లా నీళ్ళు కలిపి నీళ్ళలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటరులో 100, 150 మధ్య వచ్చేలా చూసుకుంటున్నాను. సున్నం శాతాన్ని ఆ మీటరు విడిగా చెప్పలేదు, దానికి చుక్కల మందు సీసా వేరే ఉంటుంది. నా దగ్గరున్నది పట్టుకుపో.

షోరూముకు వెళ్ళినప్పుడు పక్క ప్లేట్లు ఎన్ని స్క్రూలతో విడివడతాయో చూపించమను. బాయిలరు ఖాళీ చేసే కుళాయి ఉందా, బాయిలరు మీద వేడి బయటికి పోకుండా తొడుగు ఉందా, వాటర్ ట్యాంకు తీయడానికి మెషిన్ మొత్తాన్ని ముందుకు లాగాలా అన్నవి చూడు. ఆవిరి గొట్టాన్ని పని చేస్తున్నప్పుడు పట్టుకుని చూడు. ఈ మధ్యవి రెండు పొరలవి, చెయ్యి కాలదు, పాలు మాడి అంటుకోవు. గ్రూపు గాస్కెట్ ఏడాదికో, రెండేళ్ళకో గట్టిపడి కారడం మొదలవుతుంది. అది కొలతకు దొరికే మామూలు రకమైతే విడిభాగం కోసం నెలలు కాచుకోనక్కర్లేదు. ఓ రింగులూ, ఫిట్టింగులూ రాణీగంజ్‌లో నేను వెతికి పెడతాను, కానీ కాఫీ తగిలే చోటుకు ఆహారానికి పనికొచ్చే సిలికానే వాడాలి. పూర్తిగా కంపెనీ సొంత ఆకారంలో, ఒక్క సర్క్యూట్ బోర్డు మీద ఆధారపడే మెషిన్‌కు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గండమే.

ఇవన్నీ చూస్తే నా ఓటు రెండోదానికే. కానీ మీరు పెట్టుకున్న బడ్జెట్ మొత్తం దానికే పోసేయకు. గింజలను రెండు పళ్ళ చక్రాల మధ్య సమంగా నలిపే మంచి బర్ర్ గ్రైండరు లేకపోతే జంట బాయిలర్లు చేసేదేమీ లేదు. మెషిన్‌లో చికోరీ కలిపిన పొడి మాత్రం వేయనివ్వకు, అమ్మమ్మ వచ్చినా సరే.

కొనేముందు వంటగట్టు మీద నుంచి పై అల్మరా అడుగుదాకా ఎత్తెంతో కొలిచి నాకు రాయి. మెషిన్ ఎత్తు 40 సెంటీమీటర్లని పట్టికలో ఉంది. పైన కప్పులు పెట్టి, ట్యాంకు మూత తెరిచి నీళ్ళు పోయడానికి ఇంకో జానెడు చోటు కావాలి.

ఇట్లు,
మీ పెదనాన్న