నాయకుడు సేవకుడు కావచ్చునా?

సందేహం: ‘సేవక నాయకత్వం’ అనే మాట ఈమధ్య వ్యాసాల్లోనూ ఉపన్యాసాల్లోనూ తరచు కనిపిస్తోంది. ముందు నడిచేవాడు నాయకుడు, చెప్పింది చేసేవాడు సేవకుడు కదా, రెండూ ఒకచోట ఎలా పొసగుతాయి? నేత, నాయకుడు అనే మాటలకు అర్థభేదం ఉందా?

సమాధానం: రెండో ప్రశ్న తేలిక. ‘ణ్వుల్తృచౌ’ అని పాణిని ఒకే సూత్రంలో రెండు ప్రత్యయాలూ చెప్పాడు. ‘నీ’ ధాతువుకు, అంటే క్రియామూలానికి, తృచ్ చేరితే నేత, ణ్వుల్ చేరితే నాయకుడు. రెంటికీ కర్త్రర్థమే, అంటే ఆ పని చేసేవాడనే అర్థం. శీర్షికలో చోటు చాలనప్పుడు పత్రికలకు నేత అక్కరకొస్తుంది, అంతే. మగ్గం మీది నేత వేరు, అది ‘నేయు’ నుంచి పుట్టిన తెలుగు మాట.

ఇక మొదటిది. చిక్కంతా మీ నిర్వచనంలోనే ఉంది. నాయకుడంటే ముందు నడిచేవాడని ధాతువులకు అర్థాలు చెప్పే ధాతుపాఠం అనలేదు, ‘ణీఞ్ ప్రాపణే’ అంది. ప్రాపణం అంటే చేర్చడం. పైగా ఈ ధాతువు ద్వికర్మకం, అంటే రెండు కర్మలు కోరేది. ‘అజాం గ్రామం నయతి’ (మేకను ఊరికి చేరుస్తున్నాడు) అన్నప్పుడు మేక ఒక కర్మ, ఊరు మరో కర్మ. ఎవరిని, ఎక్కడికి అన్న రెండూ తెలిస్తేనే వాక్యార్థం పూర్తయి ఆకాంక్ష తీరుతుంది. ‘ఆయన గొప్ప నాయకుడు’ అని చప్పట్లు కొట్టించుకునే వక్తలు రెండు కర్మలనూ మింగేసి కర్తను మాత్రం మిగులుస్తున్నారు!

ధాతువు చివరి ఞకారం ఇంకా విలువైనది. ఞిత్తు, అంటే ఞకారం గుర్తుగా గలది కనుక ఇది ఉభయపది, పరస్మైపదం, ఆత్మనేపదం అనే రెండు రకాల రూపాలూ దీనికి ఉంటాయి. క్రియాఫలం కర్తకే దక్కితే ఆత్మనేపదం ‘నయతే’, ఇతరులకు దక్కితే పరస్మైపదం ‘నయతి’. కవులు ఈ కట్టుబాటును అన్నిచోట్లా పాటించలేదన్నది నిజమే. అయినా చేర్చడం ఎవరి మేలుకు అన్న విచారణ వ్యాకరణంలోనే ఉందని మరవకూడదు.

‘కర్తృస్థే చాశరీరే కర్మణి’ అనే సూత్రం నాకు మరీ ఇష్టం. పోగొట్టవలసినది కర్తలోనే ఉండి, శరీరభాగం కాకపోతే ‘నీ’కి ఆత్మనేపదం. తన కోపాన్ని తాను అణచుకునేవాడు ‘క్రోధం వినయతే’. దేవదత్తుడు యజ్ఞదత్తుడి కోపాన్ని పోగొడితే ‘వినయతి’. వినయం ఈ వి-పూర్వకమైన ‘నీ’ నుంచి వచ్చినదే. అర్థశాస్త్రంలో మొదటి అధికరణం పేరు వినయాధికారికం. అక్కడ వినయమంటే శిక్షణ. కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం ఈ ఆరింటినీ విడిచి ఇంద్రియాలను గెలవమని కౌటిల్యుడు చెప్పింది రాజుకు. మనమేమో ‘వినయవిధేయతలు’ అని జంట కట్టి, చేతులు కట్టుకు నిలబడే అనుచరుడికి దాన్ని అంటగట్టాం. ఏలేవాడికి చెప్పిన పాఠాన్ని ఏలుబడిలో ఉన్నవాడికి వప్పజెప్పడం బాగానే ఉంది!

నీతి, నయం, ప్రణయం, పరిణయం, అభినయం కూడా ‘నీ’ సంతానమే. న్యాయం మాత్రం కాదు, అది ‘ని’ ఉపసర్గ మీద ‘ఇ’ ధాతువు.

సేవకు ఉపచారం, ఆశ్రయం, అనుభవం అని అర్థాలు. ఔషధసేవ, మద్యసేవ తెలిసినవే. ‘సేవ్’ ఆత్మనేపది అయినంతమాత్రాన దానినుంచి నీతి పిండవద్దు, అక్కడ ఫలవిచారణ లేదు.

కనుక చేర్చడానికీ ఉపచారానికీ అర్థవిరోధం లేదు. సమాసంతోనే నాకు పేచీ. ‘సేవక నాయకుడు’ కర్మధారయమైతే సేవకుడే అయిన నాయకుడు, షష్ఠీతత్పురుషమైతే సేవకుల మీద పెత్తందారు. వినేవాడికి రెండోదే ముందు తోచవచ్చు. ‘సేవచేసే నాయకుడు’ అని విడదీసి రాస్తే పోయేదేముంది? తప్పని కొట్టివేయను, నేను మాత్రం రాయను.

‘పార్టీ నాయకత్వం సమావేశమైంది’ అనేది ఇంకా ఇబ్బందికరం. ‘త్వ’ ప్రత్యయం భావార్థకం, అంటే గుణాన్నో స్థితినో చెప్పేది. సమావేశమయ్యేది నాయకులు, నాయకత్వం కాదు. వాడుకలో పాతుకుపోయింది కాబట్టి పెరికివేయడం కష్టమే. ఇక స్త్రీల విషయంలో కావ్యాల్లో నాయిక, వ్యవహారంలో నాయకురాలు. ‘నేత్రి’ సంస్కృతంలో సాధువే కాని తెలుగువారికి కన్ను గుర్తుకొస్తుంది.