మంచు మీద ఎన్నేళ్లు?

ప్రశ్న: ఐస్ హాకీ ఆటగాళ్లు నిమిషం గడవకముందే బెంచీకి తిరిగివస్తుంటారు. ఇంత అలసట ఉన్న ఆటలో ఎన్నేళ్లు కొనసాగగలరు?

జవాబు: ఒక్కో విడతలో సుమారు 45 సెకన్లపాటు సత్తువనంతా కూడగట్టుకుని దూసుకుపోవలసి ఉంటుంది కనుక, ఆట ఆగకుండానే ఆటగాళ్లు మారుతుంటారు. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్ జట్లు 18 ఏళ్ల కుర్రాళ్లను డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతిలో) ఎంచుకున్నా, వారిలో చాలామంది ముందు కిందిస్థాయి లీగుల్లో రాటుదేలవలసిందే. ముప్పై దాటాక గాయాలు, తగ్గిన వేగం ఎందరినో ఇంటిదారి పట్టిస్తాయి. అందరికీ కొలమానం కాదు గానీ, కెనడాకు చెందిన గోర్డీ హౌ 1946లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టుతో మొదలుపెట్టి, మణికట్టు బాధతో 1971లో విరమించి, 1973లో తన ఇద్దరు కొడుకులతో కలిసి ఒకే జట్టులో మళ్లీ బరిలోకి దిగి, 1980లో 52 ఏళ్ల వయసులో గాని స్కేట్లు విప్పలేదు.