10-18 లెన్స్ అమ్మేస్తానంటున్న మా అబ్బాయికి

నాన్నా,

నీ మెసేజ్ చూశాను. పంపిన ఫొటోలన్నీ కంప్యూటర్‌లో పెద్దవి చేసి, ఒక్కోదాని దగ్గర ఆగి మరీ చూశాను. "పెద్దమ్మా, ఈ లెన్స్‌లో పస లేదు. ఇది అమ్మేసి, ఇంకాస్త డబ్బు వేసుకుని మంచిది కొనుక్కుంటాను" అని రాశావు. తొందరపడకు. ఆ ఫొటోల్లో నీకు నచ్చనివాటిలో లెన్స్ వల్ల వచ్చినవి ఒకటో రెండో ఉంటాయి, అంతే. మిగతావన్నీ నువ్వు నిలబడ్డ చోటు వల్ల వచ్చాయి. ఎంత ఖరీదైన లెన్స్ కొన్నా అవి అలాగే వస్తాయి.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో చెప్తాను. కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం 2014లో వచ్చింది. ఈ ఎంఎం అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు దృశ్యం పడుతుంది. అంతకుముందు నీలాంటి చిన్న సెన్సార్ కెమెరాలకి కెనాన్ వైడ్ జూమ్ (వెడల్పుగా పట్టే లెన్స్) అంటే 2004 నాటి 10-22. దాని బరువు 385 గ్రాములు, పైగా చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ లేదు. నేను చాలా ఏళ్లు దాన్నే మెడకి వేలాడదీసుకుని తిరిగాను. నీది 240 గ్రాములే, స్టెబిలైజర్ కూడా ఉంది. ధర తగ్గించడానికి వాళ్లు కోత పెట్టిన చోట్లు తెలుస్తూనే ఉన్నాయి. కెమెరాకి బిగించే మౌంట్ ప్లాస్టిక్‌ది, దూరం చూపించే స్కేలు లేదు, ఎండ అడ్డుకునే హుడ్ విడిగా కొనుక్కోవాలి, వెలుతురు లోపలికొచ్చే కంత, అంటే అపెర్చర్, ఎఫ్/4.5 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే కంత పెద్దది). ప్లాస్టిక్ మౌంట్ గురించి బెంగ వద్దు. ఇంత తేలికైన లెన్స్‌కి అది చాలు. గాజు విషయంలో మాత్రం పిసినారితనం చూపలేదు. ఎఫ్/8 దగ్గర మధ్యభాగం ఎంత స్పష్టంగా వస్తుందో నీ ఫొటోల్లోనే ఉంది చూడు, ఆ రాతిగోడ ఫొటోలో.

ఇక ఆ కొండల ఫొటో సంగతి. నువ్వు చూసినప్పుడు కొండ ఆకాశమంత ఎత్తున ఉంది. ఫొటోలో చీమలపుట్టంత అయింది. కింద సగం ఖాళీ రోడ్డు, పైన మూడో వంతు తెల్లటి ఆకాశం. నీ కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సార్, చిన్నది కాబట్టి 10 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా మీద 16 ఎంఎం పెట్టినట్టు. ఈ మూల నుంచి ఆ మూలకి 107 డిగ్రీలు లోపలికి వచ్చేస్తాయి. అంత జాగాని ఒకే ఫొటోలో ఇరికించాలంటే దూరంగా ఉన్న ప్రతిదీ కుంచించుకుపోవాల్సిందే. "అంతా పట్టాలి" అనుకుని ఈ లెన్స్ బిగిస్తే అంతా పడుతుంది, ఏదీ కనబడదు. ఆ కొండే కావాలంటే నీ 18-55 లెన్స్ పెట్టి 55 దగ్గర తీయాల్సింది.

వైడ్ లెన్స్ ఉన్నది దగ్గరికి వెళ్లడానికి. ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి పట్టుకో.

కిందటి వారం వాన వెలిశాక పెరట్లోకి వెళ్లాను. నేల మీద ఒక చిన్న నీటిమడుగు, అంచున రాలిన ఆకు ఒకటి, వెనక ఆ ఆకు రాల్చిన చెట్టు. నిలబడి 10 ఎంఎంలో చూస్తే ఆకు చుక్కంత ఉంది. మోకాళ్ల మీద కూర్చుంటే అరచేయంత అయింది. కెమెరాని దాదాపు నేలకి ఆనించి, వెనక స్క్రీన్ తిప్పుకుని చూశాను. ఆకు ఫ్రేమ్ కింది భాగమంతా ఆక్రమించింది. ఈనెలు, ఈనెల మధ్య నిలిచిన నీటి బొట్లు, అంచున పురుగు తిన్న కంత, అన్నీ కనబడ్డాయి. దాని వెనకే మడుగులో ఆకాశం, ఆ పైన చెట్టు మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా. కెమెరాని బెత్తెడు ఎడమకి జరిపితే చెట్టు మాను ఆకు వెనక్కి వెళ్లిపోయింది. రెండు వేళ్లు పైకెత్తితే మడుగులో ఆకాశం పోయి బురద మిగిలింది. దూరాన్ని దగ్గరికి తెచ్చే టెలీ లెన్స్‌తో నాలుగడుగులు జరిగినా పెద్దగా తేడా రాదు, దీంతో అంగుళం జరిగితే ఫొటోయే మారిపోతుంది. అందుకే దీంతో నిలబడ్డ చోటి నుంచి ఒక్క క్లిక్‌తో పని అవదు. వంగాలి, కూర్చోవాలి, బట్టలు మాసినా పట్టించుకోకూడదు.

నీ లెన్స్ 22 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ఆ కొలత లెన్స్ ముందు అద్దం నుంచి కాదు, సెన్సార్ నుంచి. కెమెరా పైన గుండ్రం మీద అడ్డగీత ఉన్న గుర్తు ఒకటి ఉంటుంది చూడు, అక్కడి నుంచి. అంటే అద్దానికీ ఆకుకీ మధ్య మిగిలేది అర జానెడే. అద్దం దేనికీ తగలకుండా చూసుకో.

ఆకూ స్పష్టంగా ఉండాలి, చెట్టూ స్పష్టంగా ఉండాలి అంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలి? 10 ఎంఎంలో ఎఫ్/8 పెట్టి మీటరు దూరంలో ఫోకస్ చేస్తే, అర మీటరు లోపల నుంచి కనుచూపుమేర దాకా బాగానే వస్తుంది. ఇంకా దగ్గరి వస్తువైతే ఎఫ్/11 పెట్టి అర మీటరు దగ్గర ఫోకస్ చెయ్యి, పావు మీటరు నుంచీ పనికొస్తుంది. ఎఫ్/16, 22 జోలికి వెళ్లకు, అక్కడ ఫొటో మొత్తం మెత్తబడుతుంది. దూరపు స్కేలు లేదన్నాను కదా. నేను లెన్స్ మూతని ఆ దూరంలో నేల మీద పెట్టి, దాని మీద ఆటోఫోకస్ చేసి, లెన్స్ పక్కనున్న స్విచ్ ఎంఎఫ్‌కి, అంటే చేత్తో ఫోకస్‌కి, జరిపి, మూత తీసేస్తాను. ఆ తరవాత కెమెరా ఆఫ్ చెయ్యకు. ఈ ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) లెన్స్‌లో రింగ్ తిప్పితే కదిలేది లోపలి మోటారు. కరెంటు లేకపోతే రింగ్ ఊరికే తిరుగుతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పెట్టిన ఫోకస్ అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు.

మనుషుల ఫొటోలంటే నాకు కాస్త భయమే, ఎందుకో చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఇంటిల్లిపాదినీ నిలబెట్టి 10 ఎంఎంలో గ్రూప్ ఫొటో తీశాను. అందరూ పట్టారని సంబరపడ్డాను. తీరా చూస్తే చివర నిలబడ్డ ఆవిడ భుజం, చెంప పక్కకి సాగిపోయి ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, ఫొటో చేతిలోకి తీసుకుని చూసి, పక్కన పెట్టేసింది. ఆ మొహం ఇప్పటికీ గుర్తే. చౌక లెన్స్ కాబట్టి అలా వచ్చిందనుకునేవు. కాదు. ఇంత వెడల్పు దృశ్యాన్ని చదునైన సెన్సార్ మీద పరిస్తే అంచుల్లో గుండ్రంగా ఉన్న ప్రతిదీ బయటికి సాగుతుంది. ఏ కంపెనీ లెన్స్ అయినా అంతే. కాబట్టి మనుషులుంటే 18 దగ్గర పెట్టు, నాలుగడుగులు వెనక్కి వెళ్లు, రెండు పక్కలా ఖాళీ వదిలి వాళ్లని మధ్యకి చేర్చు. జాగా చాలకపోతే రెండు వరసలు చెయ్యి. ఒక్కరి మొహానికి మరీ దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. పిల్లలతో సరదాకి తప్ప అలా తీయకు.

నువ్వు పంపిన భవనం వెనక్కి పడిపోతున్నట్టు ఉందన్నావు. కెమెరా పైకెత్తి తీశావు, అందుకు. కెమెరా వెనక భాగం గోడకి సమాంతరంగా ఉంటే నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. స్క్రీన్ మీద గ్రిడ్ ఆన్ చేసుకో. అలా పెడితే కింద నేల ఎక్కువ వస్తుంది. ఆ నేల మీద చూడదగ్గది ఏదైనా ఉండే చోట నిలబడు, లేదా తరవాత కత్తిరించు. సాఫ్ట్‌వేర్‌లో నిటారు చేయొచ్చు కానీ అంచులు పోతాయి, చుట్టూ కాస్త వదిలి తీయి.

వెలుతురు తక్కువ ఉన్నచోట స్టెబిలైజర్ బాగా ఆదుకుంటుంది. గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నేను సెకనులో నాలుగో వంతు దాకా చేత్తోనే తీస్తాను. కానీ అది నీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికని కాదు. మనుషులుంటే షటర్ 1/100 సెకను పెట్టి ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచు, కాస్త గ్రెయిన్ (ఇసుకలాంటి చుక్కలు) వచ్చినా ఏం కాదు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు స్టెబిలైజర్ ఆపెయ్. నక్షత్రాలకి 10 ఎంఎం, ఎఫ్/4.5, 20 సెకన్లు, ఐఎస్‌ఓ 3200తో మొదలుపెట్టి చూడు. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద, ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేసుకో.

కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ ఈ లెన్స్‌తో వద్దు, కింద లెన్స్ నీడ పడుతుంది. పోలరైజర్ ఫిల్టర్ కొంటానన్నావు కదా, సైజు 67. తడి ఆకుల మీద మెరుపు తీయడానికి చాలా బావుంటుంది. నీలాకాశం మీద మాత్రం వాడకు. సూర్యుడికి పక్కగా 90 డిగ్రీల దిక్కున ఆకాశం బాగా నల్లబడి, మిగతాది తెల్లగా ఉండిపోతుంది. ఇంత వెడల్పు ఫ్రేమ్‌లో ఆ మచ్చ దాగదు. ఒక ఫిల్టర్ మీద ఇంకోటి బిగిస్తే మూలలు నల్లబడతాయి. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ముందు అద్దం మీద వేలిముద్ర ఉందా లేదా చూడు. మొదట బ్లోయర్‌తో ధూళి ఊదెయ్, ఆ తరవాతే మెత్తటి గుడ్డ పెట్టు.

ఇక నిజంగా లెన్స్‌ని అనుమానించాల్సిన విషయం ఒకటుంది. నీ ఫొటోల్లో కనీసం నాలుగింట్లో ఎడమ కింది మూల కుడి మూల కన్నా మసగ్గా ఉంది. మూలలు మధ్యభాగమంత బాగుండకపోవడం మామూలే. ఒక్క మూలే బాగా తేడాగా ఉంటే లోపలి గాజు ఒకటి పక్కకి ఒరిగి ఉండొచ్చు. నాకోసారి ఇలాంటి లెన్సే వచ్చింది. నా చెయ్యే సరిగ్గా లేదనుకుంటూ నెలలు గడిపాను. పరీక్షించి తేల్చుకునేసరికి వాపసు గడువు దాటిపోయింది. నువ్వు అలా కానీయకు. రేపే ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, దూరంగా ఉన్న ఒక గుర్తుని, చెట్టో, స్తంభమో, ఒక్కో మూలకి తెచ్చి నాలుగు ఫొటోలు తీయి. ఎఫ్/4.5లో ఒకసారి, ఎఫ్/8లో ఒకసారి. ఎఫ్/8లో కూడా ఆ ఒక్క మూలే మసగ్గా ఉంటే తిరిగి ఇచ్చేసి, ఇదే లెన్స్ ఇంకోటి అడుగు.

అమ్మేయడం గురించి నా మాట ఇది. రాత్రిపూట కార్యక్రమాల్లో, కదిలే మనుషుల్నే ఎక్కువ తీస్తావనుకో, అప్పుడు ఎఫ్/2.8 ఉన్నది కావాలి. దాని కోసం మారితే తప్పు లేదు. ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి మారినా ఇది దానికి ఎక్కదు, అప్పుడు అమ్మాల్సిందే. నికాన్‌కి మారే ఆలోచన కూడా రాశావు. అక్కడ దీనికి జోడీ ఏఎఫ్-పీ డీఎక్స్ 10-20, 2017లో వచ్చింది, 230 గ్రాములు, మంచిదే. డీ90 లాంటి పాత కెమెరా బాడీల మీద మాత్రం దానికి ఆటోఫోకస్ పనిచేయదు, బాడీ చూసుకోకుండా కొనకు.

అప్పటిదాకా ఒక వారం జూమ్ రింగ్‌ని 10 దగ్గర పెట్టి టేపు అంటించెయ్. ప్రతి ఫొటోలో ఏదో ఒకటి నీ చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. వారం చివర మూడే మూడు పంపు, కత్తిరించకుండా. మూలల పరీక్ష ఫొటోలు మాత్రం రేపు సాయంత్రానికే పంపు, వాపసు గడువు ఇంకా ఎన్ని రోజులుందో కూడా రాయి.

మీ పెద్దమ్మ