వేరే నెట్‌వర్క్‌కి పోర్ట్ అవ్వాలా (అంటే అదే నంబర్‌తో కంపెనీ మారాలా) వద్దా, ఎలా తేల్చుకోవాలి?

రీచార్జ్ రేటు ఒక్కటే చూసి మారకండి, ముందు మీ ఇంట్లో, ఆఫీసులో, రోజూ తిరిగే దారిలో ఆ కొత్త నెట్‌వర్క్ సిగ్నల్ ఎలా ఉందో తెలిసినవాళ్ళ ఫోన్‌లో చూడండి, అది లేకపోతే ఎంత చవకైనా దండగే. తర్వాత ప్లాన్‌ని రోజుల లెక్కన చూడాలి. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 12 కాదు 13 సార్లు వేయించాలి, కాబట్టి రేటుని 28తో భాగించి, 84 రోజులది, 365 రోజులది కూడా అలాగే భాగించి పోల్చండి. ఇంట్లో వైఫై ఉంటే రోజుకి 2 జీబీలో సగం కూడా వాడం, దానికి ఎక్కువ డబ్బులెందుకు అసలు.

మారాలనుకుంటే ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి స్పేస్ ఇచ్చి మీ 10 అంకెల నంబర్ కొట్టి 1900కి మెసేజ్ పెట్టండి, కోడ్ వస్తుంది, ఏపీ తెలంగాణలో దానికి 4 రోజులే గడువు, ఈలోగా ఆధార్ పట్టుకుని కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్ళాలి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. మిగిలిన బ్యాలెన్స్, వ్యాలిడిటీ కొత్తదానికి రావు, అందుకే ప్యాక్ అయిపోయే ముందు వారంలో పెట్టుకోవడం మంచిది. మారేటప్పుడు కాసేపు సిమ్ పనిచేయదు, ఆ రోజు బ్యాంక్ ఓటీపీ కావాల్సిన పనులు దయచేసి పెట్టుకోవద్దు.