బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే జబ్బు) తగ్గుతుందా?

చాలామందిలో గణనీయంగా తగ్గుతుంది, కానీ అందరిలోనూ పూర్తిగా పోదు. స్థూలకాయుల్లో మెడ చుట్టూ, గొంతు గోడల్లో, ముఖ్యంగా నాలుకలో కూడా కొవ్వు చేరడం వల్ల నిద్రలో కండరాలు సడలినప్పుడు శ్వాసమార్గం మూసుకుపోతుంది; బరువు తగ్గినప్పుడు ఆ కొవ్వు కరగడమే కాక, పొట్ట ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తులకూ చోటు దొరుకుతుంది.

నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా మందగించింది అన్న లెక్కను ఏహెచ్ఐ అంటారు. అది 5 లోపు ఉంటే సాధారణం, 30 దాటితే తీవ్రం. 12 అధ్యయనాలను కలిపి 2009లో వెలువడిన ఒక విశ్లేషణలో ఈ సగటు శస్త్రచికిత్సకు ముందు సుమారు 55 ఉండగా, తర్వాత సుమారు 16కు దిగింది. తగ్గుదల పెద్దదే, అయినా 16 అంటే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే. దవడ చిన్నగా ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో, మొదటినుంచీ జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో అది మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

గురక ఆగింది కదా అని సీప్యాప్ యంత్రాన్ని (నిద్రలో మాస్కు ద్వారా గాలిని పీడనంతో పంపి శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచే పరికరాన్ని) సొంతంగా పక్కన పెట్టేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఎందుకంటే గురక లేకపోయినా ఆప్నియా ఉండవచ్చు. ముఖం సన్నబడేకొద్దీ మాస్కు వదులై ముక్కు పక్కల నుంచి గాలి కారుతుంది, పాత పీడనం అవసరానికి మించి అనిపిస్తుంది. అప్పుడు చేయవలసింది మాస్కునూ పీడనాన్నీ సరిచేయించుకోవడం. బరువు నిలకడకు వచ్చాక నిద్ర పరీక్ష మళ్లీ చేయించుకుని, దాని ఫలితాన్ని బట్టి వైద్యులు చెప్పినప్పుడే యంత్రాన్ని ఆపాలి. బరువు తిరిగి పెరిగితే ఆప్నియా కూడా తిరిగి రావచ్చు.