మీ ప్రశ్న - మా జవాబు: న్యూయార్క్ స్పోర్ట్స్ రేడియో

ప్రశ్న: ఈ మధ్యే న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాం. కారులో వెళ్లేటప్పుడు ఇక్కడి స్పోర్ట్స్ రేడియో స్టేషన్లలో డబ్ల్యూఫ్యాన్ వినాలా, ఈఎస్పీఎన్ వినాలా?

జవాబు: ముందు మీ జట్టేదో తేల్చుకోండి. యాంకీస్ (బేస్‌బాల్), జెయింట్స్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లు డబ్ల్యూఫ్యాన్‌లో వస్తాయి. నిక్స్ (బాస్కెట్‌బాల్), జెట్స్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఈఎస్పీఎన్‌లో.

శ్రోతల ఫోన్లతో నడిచే కబుర్లు కావాలంటే మాత్రం డబ్ల్యూఫ్యానే. 1987 జులై 1న మొదలైన ఈ స్టేషన్ బలమే అది. హోస్టులు మైక్ ఫ్రాన్సెసా, క్రిస్ రూసో జోడీ 1989 నుంచి 2008 దాకా ఇక్కడే వాదించుకుంది. పొద్దున షో హోస్ట్ బూమర్ ఎసయాసన్ మాజీ క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు దాడిని నడిపే ఆటగాడు) కాబట్టి ఆటగాడి కోణం దొరుకుతుంది. పక్కన గ్రెగ్ జియానొట్టి అభిమానిలా రెచ్చిపోతారు. ఈ జోడీ మాకు చాలా ఇష్టం. ఈఎస్పీఎన్‌లో హోస్ట్ డాన్ లా గ్రెకా కోపం వింటే హాకీ మీద ప్రేమ పుడుతుంది.

అసలు తేడా సిగ్నల్‌లో ఉంది. డబ్ల్యూఫ్యాన్ 660 ఏఎంతో పాటు 101.9 ఎఫ్ఎంలోనూ వస్తుంది. ఈఎస్పీఎన్ 2024 ఆగస్టు చివర్లో 98.7 ఎఫ్ఎం వదిలి 880 ఏఎంకి మారింది. వంతెనల కింద ఏఎం మాయమవుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో మోటారు, ఇన్వర్టర్ రొద దాన్ని మింగేస్తుంది. కొన్ని మోడళ్లలో ఏఎం అసలుండదు. అప్పుడు ఫోన్‌లో స్టేషన్ యాపే దిక్కు, కాకపోతే మాట కాస్త ఆలస్యంగా వస్తుంది.

మీరే షోకి ఫోన్ చేస్తే రేడియో కట్టేయండి, లేకపోతే మీ గొంతే ఆలస్యంగా వినిపించి తడబడతారు. ముందుగా ఫోన్ తీసే స్క్రీనర్‌కి విషయం ఒక్క వాక్యంలో చెప్పండి.