హైదరాబాద్ బి.ఆర్క్.తో అమెరికా ఇళ్ల ఇంధన రంగంలోకి

హైదరాబాద్‌లో బి.ఆర్క్. పూర్తిచేసి, రెండు మూడేళ్లు ఏదో ఒక ఆఫీసులో పనిచేసి, సస్టైనబుల్ డిజైన్ చదవడానికి అమెరికా వచ్చేవారు తరచుగా అడిగే సందేహం ఒకటే: ఇక్కడ ఆర్కిటెక్టుగా నిలదొక్కుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? లైసెన్సు చేతికొచ్చేదాకా ఆగకుండా, ఇళ్లలో ఇంధన వినియోగాన్ని కొలిచి లెక్కగట్టే పని ముందు నేర్చుకోమని నా సలహా.

లైసెన్సు దారి పొడవైనది. మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నమోదు ఇక్కడ చెల్లదు. రాష్ట్ర లైసెన్సు లేకుండా కార్డు మీద ఆర్కిటెక్టునని వేసుకోవడానికీ చట్టం ఒప్పుకోదు. డిగ్రీని మదింపు చేయించుకోవాలి, రాష్ట్రాల లైసెన్సు బోర్డుల జాతీయ మండలి ఎన్‌కార్బ్ నిర్దేశించిన 3,740 గంటల అనుభవం చూపాలి, ఆరు భాగాల ఏఆర్ఈ అనే లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. హైదరాబాద్ ఆఫీసులో చేసిన పనిలో కొంత ఆ గంటల్లోకి వస్తుంది గానీ, ఎనిమిది నెలల్లోపు నమోదు చేస్తేనే పూర్తిగా లెక్కిస్తారు, ఆపైన ఐదేళ్ల వరకు సగమే. కనుక విమానం ఎక్కకముందే ఎన్‌కార్బ్ రికార్డు తెరవండి.

కోర్సు పేరు కన్నా దాని సీఐపీ కోడ్, అంటే అమెరికా ప్రభుత్వం ఆ రకం కోర్సుకు ఇచ్చిన సంఖ్య, ముఖ్యం. భవన శాస్త్రానికి చెందిన 04.0902 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి, చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ తర్వాత మరో 24 నెలల పొడిగింపు అడగవచ్చు. వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఏ కోడ్ పడుతుందో ఫీజు కట్టకముందే యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు పని. మన దగ్గర పడమటి గోడకు సజ్జ దించడం, ఎదురెదురు కిటికీలు పెట్టడం, శ్లాబు వేడి గదిలోకి దిగకుండా చూడడం ముఖ్యం. మన దేశంలో ఇళ్లకు వర్తించే ఇంధన కోడ్ ఎకో నివాస్ సంహిత 2018 కూడా గోడలు, కిటికీల ద్వారా చొరబడే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు పెట్టింది. ఇక్కడి చలి రాష్ట్రాల్లో ముందు ఆపవలసింది గాలిని. బ్లోయర్ డోర్ పరీక్షలో వీధి తలుపు చట్రానికి గుడ్డ బిగించి, అందులోని ఫ్యానుతో ఇంట్లో గాలిని బయటికి తోడి, 50 పాస్కళ్ల పీడన తేడా తెస్తారు. అప్పుడు ప్లగ్ పాయింటు దగ్గరో, అటక మూత అంచునో అరచెయ్యి పెడితే చల్లగాలి సన్నగా తగులుతుంది. ఆ పీడనంలో ఇంటి గాలి గంటకు 3 సార్లకు మించి మారకూడదని చాలాచోట్ల భవన నిర్మాణ కోడ్ చెబుతుంది. అతి తక్కువ ఇంధనంతో నడిచే ఇళ్లకు పెట్టిన పాసివ్ హౌస్ ప్రమాణంలో అది 0.6 మాత్రమే. వెంటిలేటరు లేనిదే గదే కాదనుకునే మనకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు గానీ, అంత బిగించిన ఇంటికి తాజా గాలిని, వేడి పోకుండా, యంత్రంతో అందిస్తారని తెలిస్తే తర్కం బోధపడుతుంది.

ఈ పరీక్షలు చేసి ఇంటి ఇంధన సామర్థ్యానికి అంకె వేసేవారే రెస్‌నెట్ అనే సంస్థ గుర్తింపు పొందిన హెర్స్ రేటర్లు. ఆ హెర్స్ సూచికలో 100 అంటే 2006 ఇంధన కోడ్ ప్రకారం కట్టిన ఇల్లు, 0 అంటే ఏడాదిలో వాడినంత శక్తిని తానే ఉత్పత్తి చేసుకునే ఇల్లు. శిక్షణ, పరీక్ష, పర్యవేక్షణలో కొన్ని రేటింగులు పూర్తిచేస్తే సరిపోతుంది. ఆర్కిటెక్ట్ లైసెన్సు అక్కర్లేదు.

పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ రేటింగు మీద ఉండే తొలి మెట్టు పరీక్ష, లీడ్ గ్రీన్ అసోసియేట్, రాయండి, కానీ దాన్ని చూసి ఉద్యోగమిస్తారనుకోవద్దు. అమెరికా బయట తొలి లీడ్ ప్లాటినం భవనం కొండాపూర్ దగ్గరి సీఐఐ గోద్రెజ్ సెంటరని ఇంటర్వ్యూలో చెబితే ఆసక్తిగానే వింటారు. ఆ వెంటనే, మీరు స్వయంగా ఏం లెక్క చేశారని అడుగుతారు. అందుకే మీరు గీసిన ఇంటిని, అది మియాపూర్‌లోని రెండు గదుల ఫ్లాటైనా సరే, ఉచితంగా దొరికే ఇంధన లెక్కల సాఫ్ట్‌వేర్ ఎనర్జీప్లస్‌లో హైదరాబాద్ వాతావరణ ఫైలుతో ఒకసారి, మిన్నియాపొలిస్ ఫైలుతో మరోసారి నడిపి, అదే సజ్జ హైదరాబాద్‌లో ఎంత కరెంటు ఆదా చేసిందో, మిన్నియాపొలిస్‌లో చలికాలపు ఎండను అడ్డుకుని గ్యాసు ఖర్చు ఎంత పెంచిందో పోర్ట్‌ఫోలియోలో పక్కపక్కన చూపండి.